పైకప్పు బొమ్మకు కాళ్ళెటు?

బహ్రెయిన్‌లో ఏం చేసేవారండీ అని అడిగినవాళ్ళకు "ఆర్ట్ లైన్‌లో ఉండేవాణ్ణి" అని చెబుతుంటాను. అబద్ధం కాదు. బొమ్మ గీసేది ఒకరు, కొనేది ఒకరు. ఆ ఇద్దరి మధ్య నాలుగు చెక్కముక్కలూ ఒక అద్దమూ ఉంటాయి. అవి నావి.

చరిత్రలో ఎం.ఏ. చేసి ఫ్రేములు కట్టడమేమిటని కాకినాడలో మా మేనమామ చాలా ఏళ్ళు బాధపడ్డాడు. చరిత్రలో ఎం.ఏ. చేసి ఇంకేం కట్టాలో మాత్రం ఆయన ఎప్పుడూ చెప్పలేదు.

అద్లియా అనే పేటలో, రెండు రెస్టారెంట్ల మధ్య ఇరుక్కున్న ఫ్రేముల షాపులో నా సర్వీసంతా గడిచింది. పోయినేడు రిటైరయ్యాను. నా సీట్లోకి వచ్చిన అమ్మాయి విశాఖలో ఫైన్ ఆర్ట్స్ చదివింది. ఈ పనిలో ముఖ్యంగా ఏం తెలుసుకోవాలి అంకుల్ అని అడిగింది. జిగురు గురించి, గాజు గురించి చెప్పాను. అవి వీడియోల్లో ఉన్నాయంది. వీడియోల్లో లేనిదేమిటా అని ఆలోచిస్తే ఉస్తాద్ ఇబ్రహీం గారి బొమ్మ గుర్తొచ్చింది. ఇది ఆ అమ్మాయి కోసం, ఆమె తర్వాత వచ్చేవాళ్ళ కోసం.

పైవైపు

బొమ్మకు పైవైపు ఏదో ముందు తెలియాలి. నవ్వొద్దు. పాత కాగితం తడి చొక్కాలాంటిది. భుజాల దగ్గర పట్టుకుని వేలాడదీయాలి. పై అంచున రెండు చోట్ల పల్చటి జపాన్ కాగితం ముక్కలు, గోధుమపిండి జిగురు, అంతే. మిగతా కాగితం స్వేచ్ఛగా వేలాడాలి. చుట్టూరా అంటించామా, ఆగస్టు తేమగాలికి ఉబ్బి వేయించిన అప్పడమవుతుంది. బొమ్మను పక్కకు తిప్పి తగిలిస్తే బరువంతా తప్పు భుజం మీద పడుతుంది. కనుక తిప్పమని ఎవరడిగినా ఫ్రేము విప్పాలి, జిగురు తడిపి ఊడదీయాలి, కొత్త పై అంచున అంటించాలి, ఆరనివ్వాలి, మూయాలి. చూసేవాళ్ళకు అది మణికట్టు తిప్పినంత పని. మాకు రెండు రోజులు.

నాకు ముందు ఆ సీట్లో సత్యనారాయణగారని రాజమండ్రి ఆయన ఉండేవారు. దేవుడి పటాలు కట్టి చెయ్యి తిరిగిన మనిషి. ఏ ఫ్రేము కట్టినా పైన రెండు చిన్న మేకులు అలవాటుగా కొట్టేసేవారు, దండ వేసుకోవడానికి. బహ్రెయినీ ఇళ్ళలో వాటికి తస్బీహ్‌లు, అంటే జపమాలలు, తగిలించుకుని ఎంత ముందుచూపో అని మెచ్చుకున్నారు. బట్టల వ్యాపారం చేసే ఒక గుజరాతీ పెద్దాయన ఫోటోకూ కొట్టారు. మర్నాడు ఆ పెద్దాయనే కర్ర ఊతంగా షాపులోకి వచ్చి, మీకేమైనా తొందరుందా అని అడిగారట.

అబూ జాసిం

మా యజమాని అబూ జాసిం. కఫీల్, అంటే మా వీసాలకు పూచీదారు, కూడా ఆయనే. గొంతు పెంచినట్టు నాకు గుర్తులేదు. కస్టమర్ ఏమడిగినా "మాఫీ ముష్కిల్" అనేవాడు, అంటే ఏ ఇబ్బందీ లేదని. నేను తేల్చుకున్నదేమిటంటే, ఆ మాట అనే యజమాని దగ్గర ఇబ్బంది లేకపోవడం ఉండదు. అది ఆయన చేతిలోంచి మన చేతిలోకి వస్తుంది.

ఉస్తాద్ బొమ్మ వచ్చిన ఏడు ఆ ఇబ్బంది మల్లేశ్ చేతిలోకి వచ్చింది. మల్లేశ్ జగిత్యాల దగ్గరివాడు, మా వడ్రంగి. వాళ్ళ ఊళ్ళో గల్ఫ్‌లో ఏ దేశమైనా దుబాయే. గోడలకు బొమ్మలు బిగించేది కూడా అతనే. అతని పెళ్ళి ముహూర్తం అప్పటికి రెండుసార్లు మారింది. రెండుసార్లూ కారణం ఇటువైపే, సెలవు దొరక్క. మూడోసారి ముహూర్తం పెట్టాక కాబోయే మామగారు ఫోన్ చేశారు. చేతిలో రంపం ఉండటంతో మల్లేశ్ స్పీకర్ పెట్టాడు. వర్క్‌షాపంతా విన్నాం.

"ఇగ ముహూర్తం మారది బిడ్డా. గావాలంటే పెండ్లికొడుకు మారుతడు."

చాలా ప్రేమగా అన్నారు. అందుకే భయం వేసింది.

అబూ జాసిం సెలవు వెంటనే ఇచ్చాడు, టికెట్టు కొన్నాడు, హల్వా తెప్పించాడు. ఒక్క షరతు పెట్టాడు. రిఫా అనే ఊళ్ళో ఉస్తాద్ ఇబ్రహీం గారింట్లో ఒక బొమ్మ తగిలించాలి. ఆయన అబూ జాసింకు చిన్నప్పటి హెడ్మాస్టరు. ఆయన నోట ఖలాస్, అంటే ఇక అయిపోయింది, అన్న మాట వినాలి, మొదలుపెట్టిన చెయ్యే ముగించాలి, ఆ తర్వాత మల్లేశ్ విమానం ఎక్కొచ్చు. పెళ్ళికి ఇంకా రెండు వారాలుంది. ఒక బొమ్మకు రెండు వారాలు చాలవా అని మల్లేశ్ హల్వా తిన్నాడు. నేనూ తిన్నాను.

బొమ్మ

ఇప్పుడు కొంచెం చరిత్ర. ఎం.ఏ. ఊరికే పోకూడదు.

నాలుగైదు వందల ఏళ్ళ కిందట ఇటలీలో డబ్బున్నవాళ్ళు తమ భవనాల పైకప్పుల మీద బొమ్మలు వేయించుకునేవాళ్ళు. తడి సున్నం మీద రంగులు. దేవుళ్ళు కాదు, గుణాలు. కాలం, కీర్తి, భాగ్యం, అసూయ, ఇట్లాంటి వాటికి మనిషి రూపం ఇచ్చి మబ్బుల్లో కూర్చోబెట్టేవాళ్ళు. అంత దూరం వెళ్ళి మెడ పైకెత్తి చూడలేనివాళ్ళ కోసం ఇంకొకడు అదే బొమ్మను రాగిరేకు మీద సన్నటి ఉలితో గీతలు గీతలుగా చెక్కి, సిరా పూసి, కాగితం మీద అచ్చొత్తి అమ్మేవాడు. ఆ రోజుల్లో ఫార్వార్డ్ చేయడమంటే అదే.

ఉస్తాద్ కొన్నది అలాంటి అచ్చు. సరిగ్గా చదరం, టీపాయంత. నాలుగు అంచులా నలుగురు, ఎవరి పాదాలు వాళ్ళ అంచు వైపు, తలలు మధ్యకు. ఒక అంచున రెక్కలూ కొడవలీ ఉన్న ముసలాయన, కాలం. మల్లేశ్ ఆయనకు కొడవలి తాత అని పేరు పెట్టాడు. ఒక అంచున నాణేలు కుమ్మరించే భాగ్యం. ఒక అంచున బూర ఊదే కీర్తి. నాలుగో అంచున జుట్టంతా పాములతో అసూయ. ఆమె మల్లేశ్‌కు పాముల అత్త. నట్టనడుమ సత్యం. కింది నుంచి చూసినట్టు గీశారు కాబట్టి అరికాళ్ళూ గడ్డమూ తప్ప సత్యం ఇంకేమీ కనపడదు. నేను చదివిన చరిత్ర పుస్తకాల్లోనూ అంతే.

మామూలుగా అచ్చు కింద లాటిన్‌లో రెండు వరుసలుంటాయి, దాన్నిబట్టి కిందివైపు తెలుస్తుంది. ఈ బొమ్మకు ఎవరో మహానుభావుడు ఆల్బంలో పట్టడానికి నాలుగు అంచులూ నీటుగా కత్తిరించేశాడు. అసలు కప్పు ఫోటోల కోసం నెట్‌లో వెతికాను. అన్నీ యాత్రికులు తీసినవి. ఎవరు నిలబడ్డ వైపు నుంచి వాళ్ళు తీశారు. ఒక్కో ఫోటోలో ఒక్కొక్కరు నిటారుగా ఉన్నారు.

తిప్పడం

ఉస్తాద్ ఇబ్రహీం రిటైరవక ముందు భూగోళం చెప్పేవారు. ఆ భవనం ఏ దిక్కుకు ఉందో పటం తీసి చూసి, ఉత్తరం పైకి రావాలన్నారు. ఆ లెక్కన కీర్తి నిటారుగా నిలబడింది. తగిలించాం. మల్లేశ్ డ్రిల్లు సర్దుకున్నాడు.

రెండో రోజు ఉస్తాద్ భార్య ఉమ్మ్ సల్మాన్ ఫోన్ చేశారు. ఇంట్లో భాగ్యం తలకిందులుగా ఉందట, డబ్బంతా నేలమీద పడిపోతున్నట్టుందట. అబూ జాసిం మాఫీ ముష్కిల్ అన్నాడు. తెచ్చాం, విప్పాం, ఊడదీశాం, అంటించాం, తగిలించాం. భాగ్యం నిటారుగా నిలబడింది.

ఈసారి అభ్యంతరం ఉస్తాద్ తల్లిగారిది. ఆమెకు ఎనభై దాటాయి. రెండు మాటలు చెప్పింది. ఆ వయసు ముసలాయన్ని పక్కకు పడెయ్యడం మర్యాద కాదన్నది మొదటిది. ఆ డబ్బిచ్చే మనిషి ఎడమచేత్తో ఇస్తోంది, ఎడమచేత్తో ఇచ్చింది ఈ ఇంట్లో ఎవరూ తీసుకోరన్నది రెండోది. రెండో దానికి నా దగ్గర సమాధానం ఉంది కానీ మందు లేదు. రేకు మీద ఉన్నది కాగితం మీద ఎడంకుడి మారి పడుతుంది, రబ్బరు స్టాంపులాగే. జాగ్రత్త గలవాడు ముందే తిరగేసి చెక్కుతాడు. ఈయన చెక్కలేదు. అసలు కప్పు మీద ఆమె కుడిచేత్తోనే ఇస్తోందని వివరించాను. పెద్దామె ఓపిగ్గా విని, చెక్కినవాడికి చెప్పడానికి తల్లి లేదా అని అడిగింది.

కొడవలి తాతను నిలబెట్టాం. మళ్ళీ తెచ్చి, మళ్ళీ విప్పి, మళ్ళీ ఆరబెట్టి. మల్లేశ్‌కు అటునుంచి రోజూ ఫోన్లు. పెళ్ళిపత్రికలు పంచేశారు, పంతులుకు చెప్పేశారు. టికెట్టు తేదీ దగ్గరికొస్తోంది, ఉస్తాద్ నోట ఖలాస్ మాత్రం రావడం లేదు. గోడకు ఇంకో చిల్లు పడే చోటు కూడా లేదు.

అప్పుడు విషయం తేల్చేద్దామని అబూ జాసిం స్వయంగా రిఫా వచ్చాడు. బొమ్మ ముందు చాలాసేపు నిలబడ్డాడు. చివరికి ఎంతో గౌరవంగా, నాకైతే ఈ వైపు బాగుందనిపిస్తోంది అని చూపించాడు. పాముల అత్త వైపు. అప్పటిదాకా ఎవరూ అడగనిది అదొక్కటే. యజమాని అభిప్రాయం చెబితే ఎలా ఉంటుందో కొత్తవాళ్ళకు తెలియడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నా దగ్గర లేదు. అది కూడా చేశాం.

జోకు

విమానానికి ముందురోజు మధ్యాహ్నం అందరం ఆ మజ్లిస్‌లో కూర్చున్నాం. మజ్లిస్ అంటే అతిథుల గది. నాలుగు గోడల వెంబడీ సోఫాలు, మధ్యలో తివాచీ. ఉస్తాద్ ఒక గోడకు, భార్య ఒక గోడకు, తల్లి ఒక గోడకు, అబూ జాసిం గుమ్మం పక్కన. గహ్వా, అంటే అరబ్బు కాఫీ, పోస్తున్నారు, తాగుతున్నారు, ఉత్తరం గురించి మాట్లాడుకుంటున్నారు. మల్లేశ్ చెప్పులు వేసుకునే చోట నిలబడి గడియారం చూస్తున్నాడు.

నాకు ఓపిక అయిపోయినప్పుడు హాస్యం వస్తుంది. పుట్టుకతో ఉన్న జబ్బు.

"ఉస్తాద్, ఇదంతా ఎందుకు, ఎక్కడ్నించి వచ్చిందో అక్కడే పెట్టేద్దాం, కప్పుకు" అన్నాను.

ఎవరూ నవ్వలేదు. ఉస్తాద్ కాఫీ ఫింజాన్ కింద పెట్టి, మెడ పైకెత్తి, తెల్లటి కప్పును కాసేపు చూశారు. ఉమ్మ్ సల్మాన్ చూసింది. అబూ జాసిం చూశాడు. నా జోకులకు ఎవరూ నవ్వని సందర్భాలు చాలా ఉన్నాయి. నవ్వకుండా ఆర్డరిచ్చిన సందర్భం మాత్రం ఇదొక్కటే.

"మాఫీ ముష్కిల్" అన్నాడు అబూ జాసిం.

కొత్తవాళ్ళకు సలహా: యజమాని పక్కనుండగా కస్టమర్ దగ్గర జోకు వెయ్యకండి. వేస్తే, అది కొలతలతో సహా సాధ్యమేనా అని ముందు చూసుకోండి.

అద్లియాలో వ్యాన్ దిగేటప్పుడు మల్లేశ్ అన్నాడు. "అన్నా, గా మాట అనేటప్పుడు నీ నోట్లె ఖర్జూరమన్న పెట్టుకోరాదే? రేపు పొద్దుమీకి నా విమానం. ఆ పిల్లకు నువ్వే ఫోన్ చెయ్. ఏం జెప్తవో జెప్పు."

ఏం చెబుతాను? పరీక్షలకు కూడా అంత భయపడలేదు. సాయంత్రమే ఇద్దరం పనిలోకి దిగాం.

కప్పు

కాగితాన్ని నిలబెట్టడం వేరు, బోర్లా పడుకోబెట్టడం వేరు. గాజు తీసేసి పగలని అక్రిలిక్ వేశాం. కిందనున్నవాళ్ళ తలల గురించి ఎవరో ఒకరు ఆలోచించాలి కదా. భుజాలన్న సంగతి ఇక లేదు కాబట్టి నాలుగు అంచులనూ అట్ట కింద వదులుగా పట్టి ఉంచాం. మజ్లిస్‌లో పైన కనిపించేది జిప్సం కప్పు, పేరుకే కప్పు, దానికి కేలండరు కూడా ఆగదు. దాన్ని కోసి, పైనున్న సిమెంటు స్లాబుకు ఇనుప కడ్డీలు దిగ్గొట్టి, వాటికి ఫ్రేము బిగించి, కోసిన చోట పి.ఓ.పి., అంటే ప్లాస్టర్ ఆఫ్ పారిస్, మెత్తి మూయాలి.

మర్నాడు పొద్దున్నే రిఫాలో పరంజా కట్టి మచాన్ ఎక్కాం. మల్లేశ్ పెళ్ళిబట్టల సూట్‌కేసు వ్యాన్‌లోనే ఉంది. మధ్యాహ్నానికి ఫ్రేము కప్పుకు చేరింది. అంచులు మూయడానికి అతను పి.ఓ.పి. సంచీ పైకి లాగాడు. సంచీ అడుగు చినిగింది. తెల్లటి పొడి మొత్తం అతని తల మీద, ఒక్కసారిగా, చప్పుడు లేకుండా పడింది. కళ్ళు మాత్రం నల్లగా కనిపించాయి. చొక్కా మీద పడినదాన్నే గిన్నెలోకి దులిపి, కలిపి, అంచులు మూశాడు.

మచాన్ తీశాక ఇంట్లోవాళ్ళను పిలిచాం. ఎవరి సోఫాల్లో వాళ్ళు కూర్చుని తలలెత్తారు.

నేను లెక్క వేయని సంగతి ఒకటుంది. కప్పు మీది బొమ్మలో ఎవరికి ఎదురుగా ఉన్న అంచు వాళ్ళకు నిటారుగా కనిపిస్తుంది. ఉమ్మ్ సల్మాన్‌కు భాగ్యం లేచి నిలబడింది. పెద్దామె వైపు నుంచి చూస్తే కొడవలి తాత నిలబడ్డాడు. గుమ్మం పక్క సీటుకు పాముల అత్త పడింది. అక్కడ మా ఆయన పినతండ్రి కొడుకులు కూర్చుంటారులే అంది ఉమ్మ్ సల్మాన్, కొంచెం సంతోషంగానే. మజ్లిస్ కోసమే గీశారా అన్నట్టుంది. అంత పాత బొమ్మను అందరూ గోడకెందుకు కొడుతున్నారో నాకప్పుడు అర్థం కాలేదు.

పెద్దామెకు మాత్రం మెడ లేవదు. ఇటలీలో పైకప్పులు చూసేవాళ్ళకు చేతి అద్దాలు ఇస్తారని ఎక్కడో చదివిన గుర్తు. ఉమ్మ్ సల్మాన్‌ను అడిగి ఒక అద్దం తెప్పించి పెద్దామె ఒళ్ళో పెట్టాను. ఆమె వంగి అందులోకి చూసింది. అద్దంలో ఎడంకుడి మారతాయి కదా. అచ్చులో ఒకసారి మారింది, అద్దంలో మళ్ళీ మారింది. భాగ్యం కుడిచేత్తో ఇస్తోంది. ఆమె నా చెయ్యి పట్టుకుని అద్దంలో వేలు పెట్టి చూపించింది, నేను చూడలేదేమోనని.

ఇక మిగిలింది ఉస్తాద్. ఆయన తివాచీ మీద వెల్లకిలా పడుకున్నారు, చేతులు ఛాతీ మీద పెట్టుకుని. మల్లేశ్ తల నుంచి పొడి రాలుతోంది.

ఉత్తరం ఒక్క పావు వంతు అటు తిరిగితే సరిపోతుందేమో మిస్టర్ రావ్, అన్నారు ఉస్తాద్.

కప్పుకు బిగించిన ఫ్రేమును పావు వంతు తిప్పడమంటే మెత్తింది కొయ్యాలి, కడ్డీల నుంచి విప్పాలి, తిప్పి బిగించాలి, మళ్ళీ మెత్తాలి. మల్లేశ్‌కు ఇంగ్లిష్ రాదు. ఆ "నార్త్" అనే మాట మాత్రం రెండు వారాల్లో బాగా వచ్చింది. అతను గోడకు ఆనుకుని మెల్లగా కింద కూర్చున్నాడు. అబూ జాసిం నోరు తెరిచాడు. ఆ నోట్లోంచి ఏం రాబోతోందో మా అందరికీ తెలుసు.

అంతలో పెద్దామె అద్దంలోంచి కళ్ళెత్తకుండానే అంది. "ఇబ్రహీం, బొమ్మ చాలా తిరిగింది. ఇక నువ్వు తిరుగు."

కొన్ని తరాల పిల్లలు భయపడిన హెడ్మాస్టరు ఆయన. మడమలు తివాచీకి తన్ని, పడుకున్నవారు పడుకున్నట్టే, గడియారం ముల్లులా మెల్లగా తిరిగారు. పావు వంతు తిరిగాక ఆగి చూశారు. గడ్డం కింద చేయి పెట్టుకున్నారు. ఇంకాస్త తిరిగారు.

"ఖలాస్" అన్నారు, నేలమీది నుంచే.

అబూ జాసిం తెరిచిన నోరు మూశాడు. మల్లేశ్ అప్పటికే వ్యాన్‌లో ఉన్నాడు.

ముహర్రక్ విమానాశ్రయం దాకా నేనే తీసుకెళ్ళాను. చెక్-ఇన్ మూసెయ్యడానికి గంట కూడా లేదు. తల కడుక్కొస్తా అన్నా అని బాత్‌రూంలోకి పరిగెత్తాడు. పి.ఓ.పి. పొడిని దులపాలే తప్ప నీళ్ళు తగలనివ్వకూడదని షాపులో అందరికీ చెప్పేది అతనే. ఆ కంగారులో తనే రెండు దోసిళ్ళు పోసుకున్నాడు. బయటికొచ్చేసరికి జుట్టు గట్టిగా, తెల్లగా, ఒక రూపానికి వచ్చేసింది. పాస్‌పోర్టు చూసే ఆయన ఫోటోనూ మనిషినీ మార్చి మార్చి చూసి, చివరికి వదిలేశాడు.

పెళ్ళయిన మూడో రోజు ఫోన్ చేశాడు. వెనకాల ఇంకా చుట్టాల గోల వినిపిస్తోంది. దారిలో కారాపి మంగలి దగ్గరికి పోదామంటే టైం లేకపోయిందట. మంగళస్నానంలో కొంత పోయిందట, కొంత పోలేదట. జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు ఆ అమ్మాయి చెయ్యి నడినెత్తిన, సరిగ్గా గడ్డకట్టిన చోట పడిందట.

"వేళ్ళతోని తట్టి చూసింది అన్నా. ఏందిది అని మెల్లగ అడిగింది. పంతులు మంత్రాలు చదువుతనే ఉన్నడు."

"ఏం చెప్పావు?"

"దుబాయి అని జెప్పిన."

"మరి ఆ అమ్మాయి?"

"జర్ర సేపు సూసింది. మెల్లగ పోతది తీ అన్నది."